అలాయ్స్ ఎప్పుడు అని అడిగేవాళ్ల కోసం: నా 96 మోడల్ మారుతి 800 సంగతులు

బండి ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినప్పుడల్లా నలుగురైనా అడుగుతారు, "బ్రో అలాయ్స్ (స్టైల్‌గా ఉండే అలాయ్ వీల్స్) ఎప్పుడు, సైలెన్సర్ మార్చవా, రంగు మార్చవా" అని. ఒక్క ముక్కలో చెప్పడం నావల్ల కావట్లేదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. ఈ మూడేళ్లలో ఈ బండి మీద నేను పెట్టిన డబ్బులో ముప్పావు వంతు బయటికి కనపడని చోటే పోయింది. కింద, లోపల, రబ్బర్ల వెనక. దానికి నాకు ఏ బాధా లేదు, నిజం చెప్పాలంటే ఆ పనులే నాకు ఎక్కువ ఇష్టం.

బండి 1996 మోడల్, తెల్ల 800, ఏసీ లేని స్టాండర్డ్, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది), నాలుగు గేర్లు. నంబరు ఇంకా మన కృష్ణా జిల్లా పాత కోడు ఏపీ 16. 2019 నుంచి కొత్త బండ్లన్నిటికీ రాష్ట్రం మొత్తం ఏపీ 39 వచ్చేసింది కదా, అందుకని ఇప్పుడు రోడ్డు మీద ఏపీ 16 ప్లేటు కనపడితే మన ఊరివాళ్లు ఎవరో ఎదురైనట్టే ఉంటుంది నాకు. బందరులో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర కొన్నా, ఆయనే మొదటి ఓనరు. పాత సర్వీసు బిల్లులన్నీ ఒక రెక్సిన్ సంచిలో పెట్టి డిక్కీలో ఉంచారు, తాళం చేతిలో పెడుతూ "చలికాలం చోక్ కొంచెం ఎక్కువసేపు ఉంచు బాబూ, తొందరపడి నెట్టేయకు" అన్నారు (చల్లటి ఇంజన్ అందుకోవడానికి పెట్రోల్ వాటా పెంచే మీటే చోక్). కొడుకు వేరే కారు కొనిపెట్టాడంట, ఇంటి ముందు రెండు బండ్లకి చోటు లేదు. నేను గేటు దాటేదాకా ఆయన అక్కడే నిలబడి చూస్తూ ఉన్నారు.

బందరు నుంచి బెజవాడ 70 కిలోమీటర్ల లోపే. పామర్రు దాకా హాయిగా వచ్చేశా, ఆ మూడు సిలిండర్ల చప్పుడు వింటూ. ఉయ్యూరు ఊళ్లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది, రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదు, చూస్తే ఫ్యాన్ ఫ్యూజు కాలిపోయి ఉంది. పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, ముప్పావుగంట చల్లారనిచ్చి (వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, మొహం కాలుతుంది), ఫ్యూజు వేసుకుని ఇంటికి వచ్చా. మర్నాడు రేడియేటర్ డ్రెయిన్ చేస్తే నీళ్లు డికాషన్ రంగులో వచ్చాయి. ఎన్నో ఏళ్లుగా కూలెంట్ అనేదే పోయకుండా బోరు నీళ్లు పోస్తూ వచ్చారు, ఇంజన్ బ్లాకు ఇనుము, లోపల తుప్పు, రేడియేటర్ గొట్టాల్లో ఉప్పు పేరుకుపోయింది.

సరే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్‌లోకి నీళ్లు పోనివ్వకుండా ఆపే వాల్వు) ఎలా ఉందో చూద్దామని దాని మూత విప్పితే లోపల థర్మోస్టాట్ లేనే లేదు! ఎవరో మెకానిక్ ఎప్పుడో పీకేశాడు. మన దగ్గర ఇది మామూలే, "మన ఎండలకి ఇది ఎందుకండీ, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటది" అంటారు. నేను దీనికి ఒప్పుకోను. ఇంజన్ ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకోవడం తప్పు, దానికంటూ ఒక వేడి కావాలి, ఆ వేడికి రాకపోతే పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, చోక్ ఎక్కువసేపు కావాల్సి వస్తుంది, ఆయిల్‌లో తడి ఉండిపోతుంది, మైలేజీ పడిపోతుంది. మాస్టారు చోక్ ఎక్కువసేపు ఉంచమన్నారే, అదీ దీనివల్లే అయ్యుంటుంది, పాపం ఆయన బండి గుణమే అంత అనుకున్నారు.

కొత్త థర్మోస్టాట్ కొన్నాక నేరుగా బిగించలేదు. గిన్నెలో నీళ్లు పోసి దారంతో థర్మోస్టాట్‌ని వేలాడదీసి స్టవ్ మీద పెట్టా. నీళ్లలో చిన్న చిన్న బుడగలు లేస్తున్నప్పటికి కూడా అది గట్టిగా మూసుకునే ఉంది, ఇంక మరుగుతాయి అనగా మధ్యలో ఉన్న ఇత్తడి పళ్లెం వెంట్రుకవాసి పైకి లేచింది, తర్వాత నిదానంగా, పువ్వు విచ్చుకున్నట్టు పూర్తిగా తెరుచుకుంది. స్టవ్ ఆపేశాక మళ్లీ అంతే నిదానంగా మూసుకుంది. మా అమ్మ వెనక నిలబడి అంతా చూసి "కరెంటు లేకుండా దానికెలా తెలుస్తుందిరా" అని అడిగింది. లోపల మైనం ఉంటుందమ్మా, వేడికి ఉబ్బి నెడుతుంది అని చెప్పా. ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు, ఇప్పుడు అది నా పానాల డబ్బా పక్కనే ఉంటుంది.

ఇక అసలు కథ తుప్పు. బందరు సముద్రం గాలి సంగతి తెలిసిందే కదా, కిటికీ ఊచలనే తినేస్తుంది. కొన్న రెండో వారం డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే కింద ఫెల్ట్ తడిగా తగిలింది. వాన లేదు, కడగలేదు. ఫెల్ట్ పీకి, కింద నల్లగా మెరుస్తున్న ఫ్లోర్ మీద స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే సగం దాకా దిగిపోయింది. తీసి చూస్తే ఆ కన్నంలోంచి కింద మా వాకిట్లో ముగ్గు కనపడింది. ఎవరో ఇంతకుముందు చిల్లులకి ఫైబర్ గుడ్డ అంటించి, పైన లప్పం పెట్టి, దానిపైన నల్ల కోటింగ్ కొట్టేశారు. మాస్టారి సంచిలో ఆ పనికి బిల్లు కూడా ఉంది, "ఫ్లోర్ రిపేర్ కంప్లీట్" అని రాసి మరీ డబ్బులు తీసుకున్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది. కాళ్ల కింద రేకు లేని బండిలో ఆ పెద్దాయన ఇన్నాళ్లు భార్యని పక్కన కూర్చోబెట్టుకుని తిరిగారు. పని రాకపోతే రాదని చెప్పొచ్చు, డబ్బులు లేకపోతే తర్వాత చేయించుకోండి అని చెప్పొచ్చు, కానీ తుప్పు మీద లప్పం పెట్టి కప్పేయడం మాత్రం ఎప్పటికీ తప్పే.

ఫ్లోర్ వేయించడానికి ముందు ఇంకో పని ఉంది, ఇది చాలామంది చేయరు. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. మా మేనల్లుడిని లోపల టార్చ్ ఇచ్చి కూర్చోబెట్టి నేను బయట్నుంచి చెంబుతో ఒక్కో చోట పోస్తూ వచ్చా. తలుపుల మీద, ఏం లేదు. బానెట్ వెనక జాలీ దగ్గర, ఏం లేదు. ముందు అద్దం కింద కుడి మూల పోయగానే "మామయ్యా, వస్తోంది!" అని అరిచాడు. అద్దం చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరు ఎండిపోయి గట్టిపడి మూలలో లేచిపోయింది, అక్కడ్నుంచి నీళ్లు డ్యాష్‌బోర్డు వెనకగా దిగి ఫెల్ట్ కిందకి చేరుతున్నాయి. ఫెల్ట్ స్పాంజి లాంటిది, ఒక్కసారి తడిస్తే నెల ఆరదు, ఆ నెలంతా రేకు తడిలోనే నానుతుంది. ఇది సరిచేయకుండా కొత్త ఫ్లోర్ వేయిస్తే అదీ పోతుంది.

ఆటోనగర్‌లో నాలుగు షెడ్లు తిరిగా. ఇద్దరు "మొత్తం రేకు పైనుంచి అతికించేద్దాం సార్, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నారు. నాలుగో మేస్త్రి ఒక్క మాట అడిగాడు, "తొందరేమన్నా ఉందా అన్నా?" అని. లేదన్నా. అయితే వదిలెళ్లు అన్నాడు. బ్యాటరీ తీసి, సీట్లు తీసి, పెట్రోల్ ట్యాంకు కిందకి దింపి అవతల పెట్టాక కటింగ్ మొదలైంది. తుప్పు ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా కోయడం కాదు, దాని తర్వాత గట్టి రేకు ఎక్కడ మొదలైందో అక్కడికి ఇంకో అంగుళం లోపలికి కోశాడు. తర్వాత అట్టముక్క పెట్టి కొలత గీసుకుని, 20 గేజ్ రేకు కత్తిరించి, దాంట్లో పాత ఫ్లోర్‌కి ఉన్నట్టే గాడులు కొట్టాడు. ఆ గాడులు అందం కోసం కాదంట, సాపు రేకు వేస్తే బండి నడుస్తుంటే డబ్బా మోగినట్టు మోగుతుంది, తొక్కితే వంగుతుంది. వెల్డింగ్ కూడా ఒక చివర మొదలుపెట్టి గీత గీసినట్టు లాక్కుపోలేదు, ఇక్కడో చుక్క, ఎదురుగా అక్కడో చుక్క, మళ్లీ మధ్యలో ఒకటి, అలా చల్లారనిస్తూ. ఏకబిగిన చేస్తే వేడికి రేకు వంకర తిరిగిపోద్ది అన్నాడు. నేను పని మానుకుని రెండు మధ్యాహ్నాలు అక్కడే స్టూలు వేసుకుని చూస్తూ కూర్చున్నా, టీ తాగుతూ. ఒక పనిమంతుడి చేతిని దగ్గర్నుంచి చూడటం ఎంత బాగుంటుందో.

తర్వాత జింక్ ప్రైమర్, అతుకుల దగ్గర సీలెంట్, దానిపైన అండర్ బాడీ కోటింగ్. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి, తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నాలుంటాయి, కోటింగ్ కొట్టేటప్పుడు వాటిని మూసేస్తారు. నా బండికి పాత కోటింగ్‌లో ఆరు మూసుకుపోయి ఉన్నాయి, తలుపులోకి దిగిన వాన నీళ్లన్నీ అక్కడే నిలిచి తలుపు అడుగు కూడా పొరలు పొరలుగా లేచిపోయింది. అగ్గిపుల్ల పెట్టి ఒక్కో కన్నం తెరిచి చూసుకోండి. మొత్తం 9 రోజులు, 22 వేలు అయింది. ఆ డబ్బుకి మంచి అలాయ్ వీల్స్ సెట్టు వచ్చేది, నాకూ తెలుసు.

అలాయ్స్ మాట వచ్చింది కాబట్టి. 800కి వచ్చేది 145/70 ఆర్12 టైరు. మనవాళ్లు 13 అంగుళాల వీల్ ఎక్కిస్తారు, 145/70 ఆర్13 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 5 శాతం పెరుగుతుంది, అంటే స్పీడోమీటర్ 60 చూపించేటప్పుడు మీరు 63లో ఉంటారు, చిన్న ఇంజన్‌కి అసలే తక్కువ ఉన్న పికప్ ఇంకా తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి లైనింగ్‌కి రాసుకునే ఛాన్సుంది. బండి బరువే 650 కేజీల చుట్టూ, 37 హార్స్ పవర్ ఇంజన్, దాని సైజు దానికి సరిగ్గా సరిపోయింది. నేను పాత స్టీల్ డిస్కులే ఇసుకతో బ్లాస్టింగ్ చేయించి సిల్వర్ పెయింట్ వేయించా, మధ్యలో ఒరిజినల్ మూతలు పెట్టా. నా కళ్లకి ఏ అలాయ్ కన్నా అదే బాగుంది. 

అలాగని నేనేమీ మార్చలేదని కాదు. మార్చినవాటిల్లో నాకు బాగా తృప్తినిచ్చింది హెడ్‌లైట్ రిలే. పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కన ఉండే స్విచ్ గుండా తిరిగి వస్తుంది, పాతికేళ్ల వైరు, అరిగిపోయిన కాంటాక్టులు, దార్లోనే సగం తినేస్తాయి. ఇంజన్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ పెట్టి కొలిస్తే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.7. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కలిపి లావు వైరు లాగి, హై బీమ్‌కి ఒకటి, లో బీమ్‌కి ఒకటి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు) పెట్టి, పాత స్విచ్‌తో రిలేని మాత్రమే ఆన్ చేసేలా కనెక్షన్ ఇచ్చా. ఇప్పుడు బల్బు దగ్గర 13.4 ఉంది. అదే 60/55 వాట్ల హాలోజన్ బల్బు, ఎదుటివాళ్ల కళ్లలో పొడవకుండా రోడ్డు మాత్రం శుభ్రంగా కనపడుతుంది. ఖర్చు 900. తెల్ల ఎల్ఈడీలు కొనేముందు ఇది చేసి చూడండి దయచేసి.

సీట్లకి పాత రంగుకి దగ్గరగా ఉన్న బూడిద రంగు గుడ్డ వేయించా, రెక్సిన్ వద్దన్నా, మే నెల ఎండలో బెజవాడలో రెక్సిన్ సీటు మీద కూర్చోవడం మీకు చెప్పక్కర్లేదు. డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న 12 వోల్టుల ఫ్యాన్, తలుపుల లోపల చప్పుడు తగ్గించే షీట్లు, అంతే. రంగు మార్చలేదు, మారిస్తే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి, పైగా నాకు తెలుపే ఇష్టం. బండి మౌలిక రూపం మార్చేవాళ్లు ఒకసారి 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి తెలుసుకోండి, కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని చెప్పింది.

కార్బురేటర్ గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఈ బండి పుట్టినప్పుడు అలాంటిది లేదు. ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, తేమని పీల్చుకుంటుంది. నేను పెట్రోల్ గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేశా, లోపల కనపడేలా పారదర్శకంగా ఉండే ఫిల్టర్ పెట్టా. కార్బురేటర్ విప్పినప్పుడు లోపల పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలో అడుగున గోధుమ రంగు జిగురు, చింతపండు గుజ్జులా. క్లీనర్ స్ప్రే, గాలి, కొత్త గ్యాస్కెట్ కిట్టు. జెట్లలో (పెట్రోల్ కొలతగా వచ్చే సన్న కన్నాలు) తీగ పెట్టి పొడవకండి, కన్నం వెడల్పైపోతుంది, తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు.

తిరిగి బిగించాక మిక్చర్ సెట్టింగ్ (గాలికి పెట్రోల్ ఎంత కలవాలో సరిచేయడం) మాత్రం నేనే చేసుకుంటా, ఎవరికీ ఇవ్వను. బండిని పది కిలోమీటర్లు తిప్పి వేడెక్కించి, ఇంటి ముందు నిలబెట్టి, స్క్రూని పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ వెళ్తే ఒక చోట ఇంజన్ తడబడుతుంది, మూడు సిలిండర్లలో ఒకటి అలిగినట్టు. అక్కడ ఆగి మళ్లీ పావు పావుగా వెనక్కి తిప్పితే చప్పుడు సర్దుకుని, ఒక్క క్షణం బానెట్ మీద పెట్టిన చెయ్యికి వణుకే తెలియనంత నున్నగా వస్తుంది. ఆ చోటు చెవికి దొరకడానికి నాకు ఏడాది పట్టింది. ఇథనాల్‌తో మంటకి పెట్రోల్ వాటా కొంచెం ఎక్కువ కావాలి కాబట్టి ఇంకాస్త వెనక్కి తిప్పి వదిలేస్తా. పొల్యూషన్ టెస్టులో ఇలాంటి పాతకాలపు బండ్లకి కార్బన్ మోనాక్సైడ్ లిమిట్ 3 శాతం, నాది 1.6 వచ్చింది. టెస్టు చేసే కుర్రాడు నమ్మలేక మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే. మైలేజీ 13 నుంచి 17కి వచ్చింది.

ఎండాకాలం మాత్రం ఒక్కోసారి ఆపిన పది నిమిషాలకి మళ్లీ సెల్ఫ్ కొడితే అందుకోదు, ఇంజన్ వేడికి పంపులోనే పెట్రోల్ ఆవిరైపోతుంది. పాత డ్రైవర్లు చేసే పనే చేస్తా, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలు ఆగుతా. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మధ్యాహ్నం అలా ఆగినప్పుడు ఒక ఆటో అన్న వచ్చి నేను అడక్కుండానే తన నీళ్ల బాటిల్ ఇచ్చాడు, "మా నాన్న ఈ బండి మీదే డ్రైవర్‌గా చేశాడన్నా" అని.

ఈ బండికి అలాంటివాళ్లు ఊరూరా ఉన్నారు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి తాళం అందుకున్న హర్‌పాల్ సింగ్ గారు 2010లో పోయేదాకా ఆ కారుని అమ్మలేదు. ఆ తర్వాత అది ఇంటి బయట తుప్పు పట్టిపోతుంటే ఆ ఫొటోలు చూసి ఎంతమంది బాధపడ్డారో, చివరికి కంపెనీ వాళ్లే దాన్ని మళ్లీ కొత్తదానిలా చేసి తమ హెడ్ ఆఫీసులో పెట్టారు. 2014 జనవరిలో 800 తయారీ ఆపేసినా మనకి స్పేర్స్ దొరుకుతున్నాయంటే ఒక కారణం మారుతి ఓమ్నీ వ్యాను, అదే 796 సీసీ ఇంజన్‌తో 2019 దాకా వచ్చింది. ఆయిల్ ఫిల్టర్ దగ్గర్నుంచి టైమింగ్ బెల్టు దాకా ఆటోనగర్‌లో "800కి కావాలి" అంటే ఇప్పటికీ చెయ్యి వెనక్కి పెట్టి తీసి ఇస్తారు. దొరకనివి బాడీ సామాన్లు, బీడింగులు, ఒరిజినల్ గ్లాస్ మిషన్లు (తలుపు అద్దం ఎత్తి దించేవి), తలుపు లోపలి హ్యాండిళ్లు. ఇవి ఎక్కడ కనపడినా కొని దాచుకోండి.

ఈ ఏడాది రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంది. 15 ఏళ్లు దాటితే ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూసి ఇస్తారు, 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. కట్టేస్తా, డబ్బులు పక్కన పెట్టా. ఫిట్‌నెస్‌కి వెళ్లేలోపు వెనక బ్రేకు లైనర్లు మార్చాలి, హ్యాండ్‌బ్రేకు కేబుల్ బిగించాలి, ఎడమ తలుపు అద్దం ఎత్తేటప్పుడు మధ్యలో పట్టేస్తోంది అది విప్పి చూడాలి. ముందు అద్దానికి వేసిన బీడింగ్ డూప్లికేటే, ఇప్పటికైతే కారట్లేదు గానీ మూలల్లో కొంచెం వదులుగా అనిపిస్తోంది. ఒరిజినల్ ఒకటి గుంటూరులో ఉందని ఒకతను చెప్పాడు, ఆదివారం పొద్దున్నే బండేసుకుని వెళ్తున్నా, వానలు మొదలయ్యేలోపు మార్చేయాలి. 800 ఎడమ తలుపు గ్లాస్ మిషన్ ఎవరి దగ్గరైనా ఉంటే కూడా చెప్పండి, వచ్చి తీసుకుంటా.